అయిదో పట్టీలోని మనిషి

ఫోను మోగేసరికి ఉదయం ఎనిమిది దాటింది. రబ్బరమ్మ అప్పుడే ప్రింటింగు షాపు షట్టరు ఎత్తి పెద్ద మెషీను ఆన్ చేసింది. షాపులో ఆమె అసలు పేరు ఎవరూ వాడరు. పాత ఫోటోల మీది మరకలైనా, గీతలైనా, అక్కర్లేని చుట్టాలైనా కంప్యూటరులో ఆనవాలు లేకుండా చెరిపేస్తుందని మేనమామ పెట్టిన పేరది.

ఫోను చేసింది కొత్త హోటలుకి లోపలి అలంకరణ చూస్తున్న డిజైనరు.

"బొమ్మ ఇచ్చిన మామ్మగారు పదకొండింటికి వస్తున్నారంట. గోడ చూస్తారంట. మీలో ఎవరైనా ఉంటే బావుంటుంది."

"మామయ్యా నేనూ వస్తాం లెండి."

"పొద్దున్నుంచీ ఒకటే మాట ఆవిడది. మా బాబాయిని అంత పెద్దగా చూస్తాననుకోలేదు, అని. ఎవరండీ ఆ బాబాయి?"

"బొమ్మలో ఎవరో అయ్యుంటారు."

"అందరికంటే వెనక ఒక్కడే నడుస్తుంటాడు, ఆయనే అని..." డిజైనరు మాట సగంలో ఆగిపోయింది.

ఆ ఒక్కణ్ణీ రబ్బరమ్మే చెరిపేసింది.

అది దాదాపు నూరేళ్ల కిందటి నీటిరంగుల బొమ్మ. దక్షిణ ధ్రువం వైపు వెళ్లి మంచులో చిక్కుకుపోయిన ఓడలో వడ్రంగిగా పనిచేసినవాడు వేశాడు. ఏడుగురు మనుషులు భుజాలకి తాళ్లు కట్టుకుని ఒక పడవని మంచుమీద ఈడుస్తుంటారు. వాళ్ల వెనక దూరంగా ఎనిమిదోవాడు. హోటలు ముందు హాల్లో గోడ నిండా ఆ బొమ్మ కావాలన్నారు. ఎనిమిదోవాడు ఉన్నచోట హోటలు పేరు ఇత్తడి అక్షరాల్లో రావాలి, అడ్డమొస్తున్నాడు, తీసెయ్యమన్నారు. పది నిమిషాల పని. పక్కనున్న మంచునే తెచ్చి అతని మీద కప్పేసింది. ఎంత శుభ్రంగా వచ్చిందో అని తనే మురిసిపోయింది. నిన్న మధ్యాహ్నం ఆ బొమ్మని ఎనిమిది నిలువు కాగితం పట్టీలుగా గోడకి అంటించేశారు కూడా.

"ఆవిడకి ఎనభై ఏడేళ్లండీ," అంది డిజైనరు గొంతు తగ్గించి. "చూపు కూడా సరిగ్గా ఆనదు. తెలీదు లెండి."

"ఆయన్ని చూడ్డానికే వస్తున్నావిడకి తెలీకపోవడమేంటండీ?"

"అక్షరాలు అక్కడే రావాలి."

"ఇంకా బిగించలేదుగా."

"పదకొండులోపు అవుతుందా?"

"ఏమో," అని ఫోను పెట్టేసింది రబ్బరమ్మ.

అసలు బొమ్మ ఎప్పుడో మామ్మగారింటికి తిరిగి వెళ్లిపోయింది. కంప్యూటరులో ఉన్నది చెరిపేసిన తర్వాతి కాపీ. మొదటి స్కాను పాత డిస్కుల్లో ఎక్కడో ఉండాలి. బీరువా మీంచి మూడు డిస్కులు దించింది. మొదటిది తెరుచుకోలేదు. రెండోదాంట్లో లేదు. మూడోది పెట్టింది. అందులో ఉన్నాడు, వేలెడంత మనిషి, తల వంచుకుని నడుస్తూ. అతనుండాల్సిన అయిదో పట్టీ మేరకే కత్తిరించి, అటూ ఇటూ అంచులు నాలుగుకీ ఆరుకీ కలిసేలా సరిచూసి మెషీనుకి పంపేసరికి తొమ్మిదయింది.

నిన్నటి కాగితం చుట్ట అయిపోయింది. కొత్త చుట్ట తెలుపు వేరు, కొంచెం నీలం కొడుతోంది. పాత రకం తెప్పించడానికి వేళ లేదు.

గోడ కాగితాలు అంటించే మేనమామ అప్పుడే వచ్చాడు. సంగతంతా విని తలుపు దగ్గరే నిలబడిపోయాడు.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల. చెరిపే ముందు ఎవరో అడిగావా?"

"అడగలేదు మామయ్యా."

"అంటించింది పీకితే పక్క పట్టీ చిరుగుతుంది. అప్పుడు రెండు పోతాయి."

"చిరక్కుండా నువ్వే తీయగలవు."

"మునగచెట్టు ఎక్కించకు," అన్నాడే గాని, వెంటనే జిగురు బకెట్టు అందుకున్నాడు.

పదిన్నరకి ఆయన హోటలు హాల్లో నిచ్చెన మీదున్నాడు. పాత పట్టీని పైనుంచి అంగుళం అంగుళం తడుపుతూ ఒలుస్తున్నాడు. రబ్బరమ్మ కింద నిలబడి నిచ్చెన పట్టుకుని చూస్తోంది. నడిమి దాకా బాగానే వచ్చింది. అక్కడ చర్రుమంది. నాలుగో పట్టీ అంచు గోరంత లేచింది.

"మాట్లాడకు," అన్నాడు మేనమామ, ఎవరూ మాట్లాడకపోయినా. లేచిన అంచుని బొటనవేలితో అదిమి అలాగే పట్టుకున్నాడు.

అప్పుడే డిజైనరు పరుగులాంటి నడకతో వచ్చింది. "ఆవిడ వచ్చేశారు. పక్క గదిలో కూర్చోబెట్టాను. మీరు వెళ్లి ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండండి."

మామ్మగారు బక్కపలచని మనిషి. చేతికర్రని మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని కూర్చుంది. రబ్బరమ్మ ఎదురుగా ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చుంది. ఏదో ఒకటి మాట్లాడాల్సిన పని లేకపోయింది. ఆవిడే చెప్పడం మొదలుపెట్టింది.

"మా నాన్న ఓడలో వడ్రంగి, బాబాయి వంటవాడు. ఓడ వదిలేసి మంచుమీద నడిచిన ఆ నడకలో బాబాయికి ఒంట్లో బాగా లేదు. బొమ్మలో నడుం పట్టుకుని నడుస్తున్నట్టు ఉంటాడు. ఈ బొమ్మ వేసిన మూడోరోజు పోయాడు. అక్కడే మంచులో పెట్టి వచ్చేశారు. ఆయనకి ఒక్క ఫోటో లేదమ్మా. మా చిన్నప్పుడు నాన్న బొమ్మ చూపించి, ఇదుగో మీ బాబాయి, అనేవాడు. అంతే."

గోడ అవతల నిచ్చెన జరిపిన చప్పుడైంది. ఇంకో పది నిమిషాలు ఊరుకుంటే పని పూర్తవుతుంది, ఈవిడకి ఎప్పటికీ తెలియదు. ఆ సంగతి రబ్బరమ్మకి తెలుసు. కానీ ఆ ముఖం చూస్తూ నోరు మూసుకోవడం ఆమె వల్ల కాలేదు.

"మామ్మగారూ, మీ బాబాయిని నేనే చెరిపేశానండి."

ఆవిడ చెయ్యి కర్ర మీద బిగిసింది. "ఎందుకు?"

"పేరు రాసే చోట అడ్డమన్నారు. ఎవరో ఏమిటో నేను అడగలేదు. ఇప్పుడు మళ్లీ పెడుతున్నాం. మంచు రంగు కొంచెం తేడా వస్తుంది."

ఆవిడ లేచి, కర్ర పొడుచుకుంటూ హాల్లోకి నడిచింది. డిజైనరు ఎదురొచ్చి ఏదో చెప్పబోతే ఆగలేదు.

మేనమామ కొత్త పట్టీని కింది దాకా దించి బ్రష్షుతో గాలిబుడగలు తోస్తున్నాడు. ఆవిణ్ణి చూసి పక్కకి జరిగాడు. ఎనిమిదోవాడు ఇప్పుడు మామ్మగారంత ఎత్తున, తడి మెరుపుతో, ఆవిడకి ఎదురుగా ఉన్నాడు. ఆవిడ ముక్కు గోడకి తగిలేంత దగ్గరగా వెళ్లింది. చాలాసేపు చూసింది. ముగ్గురూ శిక్ష వినబోయేవాళ్లలా నిలబడ్డారు.

"ఇదేంటి?" అంది చివరికి, మనిషి నడుం దగ్గర వేలు పెట్టి.

రబ్బరమ్మ వంగి చూసింది. "గిన్నెండి. పిడి కూడా ఉంది. చిన్నబొమ్మలో నల్లచుక్కలా ఉంటే నేను మరకనుకున్నాను."

"నడుం పట్టుకున్నాడనుకున్నాం. పిల్లలమందరం." ఆవిడ వేలు గిన్నె మీంచి తియ్యలేదు. "గిన్నె మోసుకెళ్తున్నాడు. వాళ్లకి వండాలిగా మరి."

మేనమామ బ్రష్షు పట్టుకుని గోడకేసి తిరిగిపోయాడు.

కాసేపటికి మామ్మగారు కళ్లు తుడుచుకుని రబ్బరమ్మ వైపు చూసింది. ఆ చూపులో మెత్తదనం లేదు. "నాకు కోపం పోలేదమ్మాయ్. పోతుందో లేదో కూడా తెలీదు. ఈ బొమ్మ ఇంకెక్కడ వేసినా, ఎవర్నీ తియ్యకూడదని రాసివ్వండి."

రబ్బరమ్మ రాసిచ్చింది. డిజైనరు కూడా సంతకం పెట్టింది. ఇత్తడి అక్షరాలు కౌంటరు ముందుకి మారాయి. హోటలువాళ్లు మళ్లీ పీకొద్దన్నారు కాబట్టి అయిదో పట్టీ కొంచెం నీలంగానే ఉండిపోయింది.

వారం తర్వాత మామ్మగారు తనే షాపుకి ఫోను చేసింది. గిన్నె బాగా కనిపించేలా బాబాయి ఒక్కడి బొమ్మ కావాలంది. రబ్బరమ్మ ఆ స్కానులో ఒక్క చుక్క కూడా ముట్టుకోకుండా ప్రింటు తీసి, ఆ సాయంత్రమే స్వయంగా పట్టుకెళ్లి ఇచ్చింది. మామ్మగారు గుమ్మంలోనే అందుకుని, వెలుతురుకి పట్టి చూసి, లోపలికి రమ్మంది.