వీరవేణి చూసిన పడవ

నేను ఒక చిన్న మోటారును. గుప్పిట్లో పడతాను. పైన రేకు తొడుగు, లోపల రెండు అయస్కాంతాలు, వాటి మధ్య రాగి తీగ చుట్టిన ఇరుసు. ఎక్కడో దూరదేశపు కార్ఖానాలో పుట్టాను. అక్కడ నాకు తీగ చుట్లు తక్కువ వేశారు. పొరపాటున కాదు, కావాలనే. చుట్లు తగ్గితే వడి పెరుగుతుంది, బరువు లాగే సత్తువ తగ్గుతుంది. మనుషులు మాత్రం వడిని చూసి సత్తువ అనుకుంటారు. నా విషయంలోనే కాదు, నాయకుల విషయంలో కూడా వాళ్ళది ఇదే తంతు.

మొదట రాజమండ్రిలో ఒక కాంట్రాక్టరు గారింట్లో రిమోటు కారులో తిరిగాను. కొడుకు కోసమని కొని, ఆయనే ఆడుకునేవాడు. ఒకనాడు గోడకు గుద్ది కారు ముక్కలైంది. నేను కరీముల్లా కొట్టుకు చేరాను. కరీముల్లా కాలిపోయిన మోటార్లకు మళ్ళీ తీగ చుడతాడు. అతని సొరుగులోంచి నన్ను ఏరి పట్టుకున్నవాడు మల్లాడి సత్తిరాజు.

సత్తిరాజు గోదావరి మీద లాంచీ నడిపిన మనిషి. ఆ లాంచీ పేరు లక్ష్మీదుర్గ. వంతెన కట్టాక జనం బస్సులెక్కారు. లాంచీని ఇనుపసామాన్లవాళ్ళు ముక్కలు కోసి పట్టుకుపోయారు. దానికి ఒక్క ఫొటో కూడా లేదు. నీళ్ళను తోసే పంకా రెక్క మాత్రం సత్తిరాజు బతిమాలి తెచ్చుకున్నాడు. ఆ ఇత్తడినే కరిగించి, అరచేతిలో పట్టేంత చిన్న పంకా పోత పోయించాడు. దాని చుట్టూ రెండు మూరల టేకు పడవ చెక్కాడు. కిటికీలూ, పొగగొట్టమూ, ముక్కు మీద పసుపూ కుంకుమా, అన్నీ లక్ష్మీదుర్గవే. ఇంక దాన్ని నడిపే మోటారే కావాలి.

ఇదంతా భార్య వీరవేణి కోసం. ఆమెకు చక్కెర జబ్బు కళ్ళలోకి పాకింది. చూపు ఎక్కువ కాలం నిలవదని డాక్టరు చెప్పేశాడు. ఏం చూడాలనుందని సత్తిరాజు అడిగితే ఆమె తిరుపతి అనలేదు, కాశీ అనలేదు.

"మన లాంచీ వంపు తిరిగి రేవుకి రావడం ఒక్కసారి చూడాలయ్యా," అంది.

పెళ్ళయిన కొత్తలో క్యారియరు పట్టుకుని రేవులో నిలబడేదట. లాంచీ వంపు తిరిగే తీరును బట్టి మొగుడు ఎంత ఆకలి మీదున్నాడో చెప్పేసేదట.

కరీముల్లా నన్నూ పంకానూ పక్కపక్కన పెట్టి చూసి తల అడ్డంగా ఊపాడు. "సత్తిరాజు గారూ, ఇది వడి మోటారండీ. దీనికి బొటనవేలంత పంకా చాలు. ఇంత ఇత్తడి తగిలిస్తే మాడిపోద్ది. పంకా అన్నా తగ్గించండి, మోటారన్నా మార్చండి."

"పంకా జోలికి రాకు కరీం బాయ్. అది లక్ష్మీదుర్గ రెక్క," అన్నాడు సత్తిరాజు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

అలా నన్ను పడవలో బిగించారు. పాత రేవులో, లాంచీల్లేక బోసిపోయిన గట్టు మీద వీరవేణిని కుర్చీలో కూర్చోబెట్టి, సత్తిరాజు రిమోటు నొక్కాడు. ఆ ఇత్తడి బరువు నా ఇరుసు మీద పడగానే ప్రాణం పోయినంత పనైంది. అయినా తిరిగాను. పడవ ముక్కెత్తి గెంతుకుంటూ పోయింది. నురగ లేచింది. వంపు తిరిగి రేవు వైపు దూసుకొచ్చింది.

"అదిగో! వచ్చేసింది! ఆకలి మీదున్నావయ్యో!" అని వీరవేణి చప్పట్లు కొట్టింది. అంతగా మెచ్చుకున్నవాళ్ళు నా జన్మలో లేరు.

గట్టు చేరేసరికి నా ఒంట్లోంచి పొగ వచ్చింది. సత్తిరాజు నన్ను ముట్టుకుని, చుర్రుమనగానే వేలు వెనక్కి తీసేసుకున్నాడు.

"చల్లారాక ఇంకోసారి తిప్పవయ్యా," అంది వీరవేణి.

"ఛ, లాంచీ ఇలా కప్పలా గెంతుద్దేంటే? ఇది చూడకు. అసలుది చూపిస్తాను, ఉండు."

"నాకిదే బాగుందయ్యా."

అతను వినలేదు. ప్రేమ ముదిరితే మనిషికి చెవులు పనిచెయ్యవు. నన్ను ఊడదీసి మేకుల డబ్బాలో వేశాడు.

ఆ డబ్బాలోంచే మిగతాదంతా విన్నాను. ఒక పెద్ద మోటారు తెచ్చాడు. దాని బరువుకు పడవ వెనక భాగం మునిగింది. ఇంకొకటి పెడితే, మోటారుకూ పంకా కడ్డీకీ వరస కుదరక పడవంతా వణికింది. అది కుదిరాక కడ్డీ గొట్టంలోంచి నీళ్ళు చొరబడ్డాయి. గ్రీజు కూరాడు. చివరికి కరీముల్లా ఒక మోటారుకు ఎక్కువ చుట్లు చుట్టి, పళ్ళ చక్రాలు తగిలించి, వడి తగ్గించి సత్తువ పెంచాడు. ఒక్కో పనికీ వారాలు గడిచిపోయాయి. ఈలోగా ఇంట్లో వీరవేణి నడక మారింది. ముందు గుమ్మం తగిలేది. తర్వాత గోడ తడుముకునేది. పళ్ళెం ఎక్కడుందని అడిగేది. చూపు ఎలా ఉందని సత్తిరాజు అడిగితే, "కనపడతానే ఉంది, నీ పని కానీ," అనేది. అతనికి ఆ మాట నమ్మడమే సుఖంగా ఉండేది.

పడవ సిద్ధమైన రోజున నన్ను కూడా రేవుకు తీసుకెళ్ళారు. మేకుల డబ్బాలో స్క్రూలు ఉన్నాయి కాబట్టి. మూత తీసి గట్టు మీద పెట్టారు. కొత్త మోటారు నాకంటే గొప్పది, ఒప్పుకుంటాను. లక్ష్మీదుర్గ అచ్చంగా లక్ష్మీదుర్గలాగే నడిచింది. నిండు గర్భిణిలా నెమ్మదిగా సాగింది. వంపు దగ్గర ఒక్క క్షణం ఆగినట్టు ఆగి తిరిగింది.

"చూడవే వేణీ! అదిగో, తిరుగుతోంది!"

"ఆఁ, చూస్తన్నా. అచ్చం అలాగే ఉందయ్యా. ఎంత బాగా తిరిగిందో!"

సత్తిరాజు ఆమె ముఖంలో సంతోషం చూద్దామని తిరిగాడు. పడవ దిగువన ఉంది. వీరవేణి నవ్వుతూ ఎగువకు చూస్తోంది.

అతని చేతిలోంచి రిమోటు జారింది. పడవ తన దారిన పోయి నీళ్ళలోని గుర్రపుడెక్క మొక్కల్లో చిక్కుకుంది. అతను ఆమె కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

"ఎప్పట్నుంచే?"

"వానలకి ముందే పోయిందయ్యా. నువ్వు అంత ఇదిగా చేస్తా ఉంటే ఎలా చెప్పను?"

"నాకు చెప్పాల్సింది కదే వేణీ..." అని చంటిపిల్లాడిలా ఏడ్చాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆమె రెండు చేతులూ గట్టిగా పట్టుకున్నాడు.

"ఏడవకయ్యా. నేను చూశాగా ఆ రోజు. గెంతుకుంటా వచ్చిందిగా, అదే నా కళ్ళల్లో ఉంది. ఆ మోటారు పారేశావా?"

అతను డబ్బాలో తడిమి నన్ను తీసి ఆమె అరచేతిలో పెట్టాడు.

ఇప్పుడు నేను వీరవేణి తమలపాకుల పెట్టెలో ఉంటున్నాను. చుట్లు పెంచి మళ్ళీ పడవలో పెడతానని సత్తిరాజు అంటే ఆమె ఒప్పుకోలేదు. సాయంత్రాలు నన్ను బయటికి తీసి, నా ఇరుసును రెండు వేళ్ళతో తిప్పుతుంది. నేను కొంచెం కొంచెంగా తిరుగుతాను. అప్పుడామె ముఖం రేవు వైపు ఉంటుంది. సత్తిరాజు పక్కనే కూర్చుని తల వంచుకుంటాడు. టేకు పడవ అటక మీద ఉంది. దాన్ని మళ్ళీ నీళ్ళలోకి దించలేదు.

నాకు ఒక్కటే బాధ. చల్లారాక ఇంకోసారి తిప్పమని ఆమె ఆనాడు అడిగింది. నేను ఇల్లు చేరకముందే, దారిలోనే చల్లారిపోయాను. ఆ మాట చెప్పడానికి నాకు నోరు లేదు.