రెండు కార్బురేటర్ల ఊపిరి

మా ఆవిడ పోయిన రోజున షెడ్డులో ఎర్ర కారు బానెట్ తెరిచే ఉంది. ఇంజిన్ బిగించడం అయిపోయింది. దాన్ని వణుకు లేకుండా నడిచేలా సరిచేయడం ఒక్కటే మిగిలింది. అది ఆవిడ పని.

ఆవిడా, ఆవిడ తమ్ముడూ కలిసి పాత స్పోర్ట్స్ కార్లు కొనేవారు. ఎవరి పెరట్లోనో టార్పాలిన్ కింద తుప్పు పట్టి, సీట్లలో ఎలుకలు కాపురం పెట్టిన రెండు సీట్ల బండ్లు. ఏడాది కష్టపడి వాటికి ప్రాణం పోసి లాభానికి అమ్మేవారు. ఇంజిన్ అక్కది, రేకు పని తమ్ముడిది. అతన్ని వీధి వీధంతా సుత్తి అంటారు. రేకులు సాగగొడతాను కనుక అని అతను చెప్పుకుంటాడు. మాటలు ఆపడు కనుక అని వాళ్ల అక్క చెప్పేది. నేను బడిపంతులిని. సాయంత్రాలు షెడ్డుకి వెళ్లి, స్టూలు మీద కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకునేవాణ్ణి. కార్లతో నాకున్న పరిచయం అంతే.

ఆవిడ పోయాక కూడా బడి అవగానే అక్కడికే వెళ్లాను. ఇంటికి వెళ్లడం కంటే అది తేలిక.

రెండు నెలలకు సుత్తి అసలు సంగతి చెప్పాడు. ఎర్ర కారు చూడటానికి ఆదివారం ఒక పళ్ల డాక్టరు వస్తున్నాడు. ఆయన కొంటే ఇంకో బండి తెచ్చుకోవచ్చు. కొనకపోతే షెడ్డు ఖాళీ చేసి, తను బస్సుల కార్ఖానాలో పనికి చేరతాడు. అక్కడివాళ్లు రమ్మంటున్నారట. నేను తలూపాను. షెడ్డు మూసేస్తే సాయంత్రాలు ఎక్కడికి వెళ్లాలో నాకు తెలియలేదు.

చిక్కల్లా ఇంజిన్‌తోనే. పెట్రోలులో గాలి కలిపి ఇంజిన్‌కి అందించే కార్బురేటర్లు దానికి రెండు. రెండూ సమానంగా గాలి పీల్చాలి. లేకపోతే బండి నిలబడ్డ చోటే వణుకుతుంది. ఆవిడ మూరెడు రబ్బరు గొట్టం తీసుకుని, ఒక కొస చెవి దగ్గర, ఇంకో కొస కార్బురేటర్ మూతి దగ్గర పెట్టి వినేది. స్క్రూ కాస్త తిప్పి మళ్లీ వినేది. సుత్తికి ఇరవై ఏళ్లుగా రేకులు కొట్టి కొట్టి చెవులు మొద్దుబారాయి. అతను సరిచేయబోతే కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. మడ్‌గార్డు మీద గుడ్డ పరిచి పెట్టిన టీ గ్లాసు దానంతట అదే నడుచుకుంటూ అంచుదాకా వచ్చింది.

శనివారం మధ్యాహ్నం అతను గొట్టం నా చేతిలో పెట్టాడు.

"నువ్వు విను బావా."

"నాకేం తెలుసురా?"

"బోర్డు మీద రాస్తూ, వెనక్కి తిరక్కుండానే ఏ బెంచీవాడు గుసగుసలాడుతున్నాడో చెప్పేస్తావట కదా. అక్క చెప్పేది. ఇక్కడున్నవి రెండే బెంచీలు."

విన్నాను. మొదటిది మెట్లు పరిగెత్తి ఎక్కి వచ్చిన పిల్లవాడిలా రొప్పుతోంది. రెండోది పాఠం మధ్యలో కునుకు తీసేవాడిలా ఉంది. ఆ మాటే చెప్పాను. సుత్తి స్క్రూడ్రైవర్ పట్టుకుని, ముందు ఎవణ్ణి లేపాలో చెప్పమన్నాడు. నేను చెప్పడం, అతను తిప్పడం. నేను కొంచెం తిప్పమంటే, పంతులువై ఉండి కొంచెం అంటావేమిటి, లెక్క చెప్పు అన్నాడు. పావు చుట్టు అన్నాను. ఎక్కువైంది. అందులో సగం వెనక్కి అన్నాను.

చివరికి రెండూ ఒకే తీరున ఊపిరి తీశాయి. పనైపోయినా గొట్టం చెవి నుంచి తీయలేదు. ఇంకాసేపు విన్నాను. సుత్తి స్క్రూడ్రైవర్ తుడుచుకుంటూ నిలబడ్డాడు. అతను అంతసేపు మాట్లాడకుండా ఉండటం నేను చూడటం అదే మొదలు.

ఆదివారం డాక్టరు వచ్చాడు. టార్చి వేసి కింద చూశాడు. తలుపుల అంచులు వేలితో తట్టి చూశాడు. లోపలెక్కడా పుచ్చు లేదు కదా అని అడిగాడు.

"అంతా పీకేశాం డాక్టరుగారూ. కొత్తది కట్టాం," అన్నాడు సుత్తి.

ఉన్నవి రెండే సీట్లు కనుక వాళ్లిద్దరూ బండి తీసుకుని బయల్దేరారు. నేను గుమ్మంలో నిలబడ్డాను. మలుపు దాటాక చప్పుడు వినిపించలేదు. చాలాసేపటికి మళ్లీ వినిపించింది. ఎక్కడా తడబడలేదు.

డాక్టరు ఇంజిన్ ఆపకుండానే దిగి, దీన్ని సరిచేసింది ఎవరని అడిగాడు.

"బిగించింది మా అక్క. దారికి తెచ్చింది మా బావ," అన్నాడు సుత్తి. "మధ్యలో చివాట్లు తిన్నది నేను."

డాక్టరు మర్యాదకు కాసేపు బేరమాడి కొన్నాడు. మేం అనుకున్నదానికి పెద్దగా తగ్గలేదు.

మరుసటి వారమే ఆకుపచ్చ బండి ఒకటి లారీ మీద వచ్చింది. అమ్మినవాళ్ల కోళ్లు అందులో గుడ్లు పెట్టేవట. సీటు కింద గుడ్డు ఒకటి దొరికింది. లాభం అప్పుడే మొదలైందన్నాడు సుత్తి. బండికి ఎడమవైపు తలుపు లేదు. పాత ఇనుము కొట్లు నాలుగు తిరిగాం. ఇంకా దొరకలేదు.