తాడు పట్టినవాళ్ళు

ఆ ఉదయం సికింద్రాబాదు మీద ఆకాశం సున్నం కొట్టిన గోడలా ఉంది. రోహిణి కార్తె ఎండ ఎనిమిదింటికే నెత్తినెక్కి కూర్చుంది. మౌలాలి గుట్ట మీంచి ఒక్క మబ్బుతునక బయల్దేరి, ప్యారడైజ్ దాకా రాకముందే కరిగిపోయింది.

కంపెనీ గేటు ముందు సెక్యూరిటీవాడు బూటుకాలితో ఒక బిందెను తన్నాడు.

బిందె దొర్లింది. అందులోని నీళ్ళు తారురోడ్డు మీద పారి, చూస్తుండగానే ఆరిపోయి, తెల్లటి చార మిగిలింది. ఉప్పు.

ఆ చారను లోపల మెట్ల మీద నిలబడి వరహాలబాబు చూశాడు. అతని చేతిలో టీ ట్రే ఉంది. ఆ ఆఫీసులో పధ్నాలుగేళ్ళుగా అటెండరు. బిందె తెచ్చిన ముసలామె మరిడమ్మ అతని మేనత్త. ఆమె వెనక నలభైమంది జనం. అందరూ అతని ఊరివాళ్ళే. ఉత్తరాంధ్ర సముద్రపొడ్డున కొండ్రుపాలెం నుంచి జనరల్ పెట్టెలో నిలబడి వచ్చినవాళ్ళు.

"తన్నురా బాబూ, ఇంకా తన్ను," అంది మరిడమ్మ. "మావు తాగే నీల్లే అయి. మీ దొరకి సూపిద్దారని తెచ్చినాం. బూటుకేటైనా రుచి తెలిస్తే నువ్వే లోనికెల్లి సెప్పు."

వరహాలబాబు తల వంచుకున్నాడు. తల వంచుకోవలసిన పని అతను చేశాడు మరి.

మూడేళ్ళ కిందట కంపెనీవాళ్ళు ఆ ఒడ్డుకు వెళ్ళారు. సముద్రపు నీళ్ళను మంచినీళ్ళు చేసే ప్లాంటు కడతామన్నారు. చుట్టుపక్కల ఆరు పాలేలకు ఇంటింటికీ కుళాయి వస్తుందన్నారు. ఊరు నమ్మలేదు. ఆఫీసర్ల మాటలు చాలా విన్న ఊరది. అప్పుడు దారి చూపించడానికి వెంట వెళ్ళిన వరహాలబాబే మేనేజరు నరసరాజు చెవిలో ఊదాడు. "పెద్దవల లాగుతున్నారు సార్. మీరూ ఓ చెయ్యెయ్యండి. తాడు పట్టిన మనిషిని మావాళ్ళు నమ్ముతారు."

పెద్దవలకు రెండు తాళ్ళు. ఊరంతా ఒడ్డున నిలబడి లాగుతుంది. తాడు ముట్టినవాడు దారిన పోయేవాడైనా సరే, చేపల్లో వాటా ఉంటుంది. కానీ వల ఒడ్డుకు చేరేదాకా తాడు వదలకూడదు. ఇంట్లో శవం లేచినా వదలకూడదు. వదిలినవాడికి మళ్ళీ ఆ ఇసుకలో నిలువనీడ ఉండదు.

నరసరాజు ప్యాంటు మడిచాడు, తాడు పట్టాడు, ఫోటో తీయించుకున్నాడు. వాటాకొచ్చిన వంజరం చేపల్ని జీపులో వేయించుకున్నాడు. ఊరికి అంతకంటే ఏం కావాలి? కుళాయిల మాట కాగితం మీద రాయమని అడక్కుండానే ఒడ్డు అప్పజెప్పింది.

ఏడాదిగా ప్లాంటు నడుస్తోంది. తియ్యటి నీళ్ళు గొట్టమెక్కి పది మైళ్ళ అవతల ఫ్యాక్టరీలకు పోతున్నాయి. మిగిలిన చిక్కటి ఉప్పునీళ్ళను ఇసుకలో గొయ్యి తవ్వి వదిలారు. గోతికి అడుగున సిమెంటు లేదు. తాతల నాటినుంచి చెలమ తవ్వితే ఊరే తీపినీళ్ళు ఉప్పెక్కిపోయాయి. చంటిపిల్లల పాలల్లో కలిపితే పాలు విరిగిపోతున్నాయి. కుళాయి మాత్రం ఒక్క గుమ్మంలోకీ రాలేదు.

నరసరాజు కారు పదింటికి వచ్చింది. జనం దారి ఇవ్వలేదు. ఆయన దిగక తప్పలేదు.

"ఏంటిది? కలెక్టరు దగ్గరికి వెళ్ళాలి గానీ ఇక్కడికొచ్చి గొడవేంటి?"

మగవాళ్ళు భుజాల మీద మోసుకొచ్చిన చుట్టను విప్పి, గేటు అడ్డంగా పరిచారు. పెద్దవల తాడు. మనిషి ముంజేయంత లావు.

"నువ్వు పట్టిన తాడే బాబూ," అంది మరిడమ్మ. "ముట్టినోడికి వాటా అన్నాం, ఇచ్చినాం. వల ఇంకా ఒడ్డుకి రానేదు. మద్దెలో వదిలీసినావు. ఎందుకొదిలినావో అడగడానికొచ్చినాం."

"అది ఫోటో కోసమమ్మా! అగ్రిమెంట్లో కుళాయిలని ఎక్కడుంది?"

"తాడు ఫోటోకి పట్టినావు. మరి సేపలు? అయ్యీ ఫోటోకే తిన్నావేటి?"

జనం గొల్లుమన్నారు. సెక్యూరిటీవాడికి సైతం నవ్వాగలేదు. నరసరాజు మొహం కందగడ్డయింది. ఫోను తీస్తూ లోపలికి పోయాడు.

గేటు పక్కన టీ బండి, ఎస్టీడీ డబ్బా నడిపే బుచ్చమ్మ అంతా చూస్తోంది. కొంగు దోపుకుని వచ్చింది.

"ఏందవ్వా, మీ ఆంధ్రోళ్ళ నీళ్ళ పంచాయితీ మా సడక్ మీద షురూ జేసిన్రు? నా గిరాకీ అంత పాయె."

"మీకు నీల్లొత్తన్నాయేటి తల్లీ?" అని అడిగింది మరిడమ్మ.

"మా బస్తీల నాల్గు రోజులకొక్కసారి నల్లా. గీళ్ళ గడ్డికి మాత్రం రోజూ ట్యాంకరొస్తది," అని బుచ్చమ్మ గేటులోపలి పచ్చికను చూపించింది. తర్వాత తాడు వైపు చూసింది. "ఇది ముడ్తే వాటా ఉంటదంటిరి గదా. నాకేమిస్తరు?"

"ఇయ్యేల దెబ్బలే వాటా."

"గవి మాకేం కొత్త గాదు తీ, జెర జరుగు." ఆమె వంగి తాడు పట్టింది. డబ్బా దగ్గర నిలబడ్డ ఆటోవాళ్ళు ఇద్దరు, కూలిపని మీద పోతున్న నలుగురు వచ్చి పట్టారు.

పోలీసులు రెండు వ్యాన్లలో దిగారు. ఇన్‌స్పెక్టరు లాఠీ ఊపుతూ అడిగాడు. "మీ లీడరెవడు?"

పెద్దవల లాగేటప్పుడు ముందువాడూ వెనకవాడూ ఉంటారు గానీ పైవాడు ఉండడు.

నరసరాజు మెట్ల మీదికొచ్చి వరహాలబాబు భుజం మీద చెయ్యి వేశాడు. పధ్నాలుగేళ్ళలో ఆ చెయ్యి అతని మీద పడటం అదే మొదలు.

"నీ వాళ్ళే కదా. నలుగురిని చూపించు చాలు. మిగతావాళ్ళు సాయంత్రం రైలెక్కుతారు. చూపించలేదనుకో, నేరేడ్‌మెట్‌లో కంపెనీ ఇచ్చిన గది ఈరోజే ఖాళీ చెయ్యాలి. ఇద్దరు ఆడపిల్లలున్నవాడివి."

వరహాలబాబు గేటు వైపు చూశాడు. మరిడమ్మ అతని వైపు చూడటం లేదు. వచ్చినప్పటినుంచీ ఒక్కసారి చూడలేదు. రోడ్డు మీది ఉప్పుచార మాత్రం అతన్నే చూస్తున్నట్టుంది.

ట్రేను మెట్టు మీద పెట్టాడు.

"ఒకడిని సూపిత్తాను సార్," అన్నాడు. పట్నంలో దాచుకున్న ఊరి యాస గొంతులోకి వచ్చేసింది. "మీకు తాడు పట్టడం నేర్పినోడు. ఆడు నానే."

నడిచి వెళ్ళాడు. "అత్తా, మోసం నా నోటెంటే మొదలయ్యింది," అన్నాడు అందరికీ వినపడేలా. మరిడమ్మ చేతులు మూరెడు పక్కకు జరిపింది. ఆ మూరెడు తాడు అతను పట్టుకున్నాడు.

లాఠీలు లేచాయి. వీపుల మీద కాదు, తాడు పట్టిన వేళ్ళ కణుపుల మీద కొట్టారు. బుచ్చమ్మ గాజులు పగిలాయి. వరహాలబాబు చిటికెనవేలు పక్కకు తిరిగిపోయింది. "వదలకండర్రా!" అని అతను అరుస్తున్నాడు. ఒక్క చెయ్యి వదల్లేదు. కొట్టి కొట్టి పోలీసులకే చెమటలు పట్టాయి. చివరికి తాడుతో సహా ఎత్తి, సగంమందిని ఒక వ్యాన్లో, సగంమందిని రెండో వ్యాన్లో పడేశారు. మధ్యలో తాడు. ముందు వ్యాను వేగం పెంచితే వెనక వ్యాన్లో జనం జారిపోతారు. అందుకని రెండూ ఎడ్లబళ్ళలా పాక్కుంటూ సాగాయి. దుకాణాలవాళ్ళు, బస్సుల్లో కాలేజీ పిల్లలు బయటికొచ్చి చూశారు. ఎందుకని అడిగారు. వ్యాన్ల కిటికీల్లోంచి జవాబు కేకలై వచ్చింది. కొందరు వెంట నడిచారు.

వాళ్ళను దించిన పోలీసు గ్రౌండులో మూడింటికి బుచ్చమ్మ బస్తీవాళ్ళు అన్నం డేగిశాలు దింపారు. బుచ్చమ్మ లేనప్పుడు డబ్బా చూసుకునే రోసమ్మ ముందు వచ్చి ఆయాసపడుతూ చెప్పింది. "బుచ్చక్కా, గీళ్ళు ఊరికి నంబరిచ్చిన్రట, నీ ఎస్టీడీకి ఫోనొచ్చింది, కొండ్రుపాలెంకెల్లి. ఆరు పాలేలోళ్ళు ప్లాంటు కాడ వాల్వు కట్టేసి గొట్టం మీద కూసున్నరంట. పొద్దుగాల్లకెల్లి ఫ్యాక్టరీలకు చుక్క పోలేదంట."

ఎవరూ కేక వెయ్యలేదు. చప్పట్లు కొట్టలేదు. అక్కడ గొట్టం మీద కూర్చున్నవాళ్ళలో ఇక్కడి పాలెంవాళ్ళందరికీ బిడ్డలో, మొగుళ్ళో ఉన్నారు. అక్కడికీ వ్యాన్లు బయల్దేరి ఉంటాయి.

వరసగా కూర్చున్నారు. రోసమ్మ విస్తళ్ళు వేసి, అన్నం పెట్టి, పప్పుచారు పోసింది. వాచిన వేళ్ళతో కలుపుకున్నారు. వరహాలబాబుకు కుడిచెయ్యి వంగలేదు. పక్కన మరిడమ్మ తన విస్తట్లో ముద్ద కలిపి అతని ఎడమచేతిలో పెట్టింది.

కానిస్టేబులు పుస్తకం తెరిచి వరస మొదట్లో నిలబడ్డాడు. "పేరు?" అన్నాడు. మళ్ళీ అన్నాడు. ఒక్క తల పైకి లేవలేదు. బస్తీవాళ్ళూ, పాలెంవాళ్ళూ, ఆటోవాళ్ళూ మాట లేకుండా తింటున్నారు.