సుగుణక్క ప్రార్థనలో రాజమణి పాలు

సుగుణక్క ప్రార్థనకు మోకాళ్లూనిందంటే నాకు కడుపులో తిప్పేది. ఇప్పటికీ తలుచుకుంటే తిప్పుతుంది. ఆమె గొంతు మంచిదే. మాటలు అంతకన్నా మంచివి, మిషను దొరల దగ్గర నేర్చిన గ్రాంథికం. కానీ ఆ మాటల కింద ఎప్పుడూ ఎవరిదో ఒకరి ఇంటి గుట్టు కుళ్లుతూ ఉండేది. పేరు చెప్పేది కాదు. 'నీ దాసురాలొకతె' అనేది. ఆ దాసురాలు ఏ గల్లీలో ఉంటుందో, మొగుడు ఏ కొలువు చేస్తాడో, ముక్కుపుల్ల ఏ పక్కన పెట్టుకుంటుందో మాత్రం దేవుడికి గుర్తు చేసేది. ఆయనకు తెలియదనుకుందో ఏమో. కళ్లు మూసుకున్న మాకందరికీ బాగా తెలిసిపోయేది.

మాది చిన్న సంఘం. గురువారం సాయంత్రం మొఘల్‌పురాలో ఎవరో ఒకరి ఇంట్లో చాప పరుచుకుని కూర్చునేవాళ్లం. నేను బేగంబజార్‌లో గిన్నెల దుకాణంలో పని చేసేవాణ్ని. మిషను బడిలో నాలుగో తరగతి దాకా చదివి, పంతులుగారి కుర్చీకి ఒళ్లు పొక్కించే జీడి రసం పూసినందుకు బయటికొచ్చాను. అందుకని సంఘంలో నన్ను ప్రార్థన చేయమని ఎవరూ అడిగేవాళ్లు కాదు, నవ్విస్తానని భయం. నా భార్య కమల చేసే ప్రార్థనల మీదే నేను క్రైస్తవుడిగా నెట్టుకొస్తున్నానని అందరి అభిప్రాయం. అబద్ధమేం కాదు.

జర్మనీ యుద్ధం మొదలైన ఏడాది రాజమణి మాలో కలిసింది. హుస్సేనీ ఆలంలో పాలవాళ్ల కోడలు. మొగుడు మొగులయ్య, అత్త సత్తెమ్మ, కొట్టం నిండా బర్రెలు. మా ఇంటికి వాడిక పాలు పోసేది. రోజూ పోస్తూ పోస్తూ కమల పాడుకునే పాటలు వింది, అవేమిటని అడిగింది, ఒకరోజు బిందె దించి కూర్చుంది. మొగులయ్య వద్దనలేదు. పని చెడకుంటే ఏ దేవుడైతే ఏందన్నాడు.

కమల ఆమెకు పెద్ద ప్రార్థనలేం నేర్పలేదు. మనసులో ఉన్నది చెప్పుకోమంది, అంతే. రాజమణి పాలు పిండుతూ చెప్పుకునేది, బర్రె డొక్కకు తల ఆనించి, గుసగుసగా. కోడలు బర్రెతో ముచ్చట పెడుతోందని సత్తెమ్మ కొన్నాళ్లు అనుకుందట.

అట్లా చెప్పుకోగా చెప్పుకోగా ఒక సంగతి ఆమెను పొడవడం మొదలుపెట్టింది. పొద్దున్నే బిందెలో పాలు పోయగానే సత్తెమ్మ చెంబుతో నీళ్లు అందిస్తుంది, రాజమణి వాటిని పాలల్లో కలుపుతుంది. కాపురానికి వచ్చినప్పటి నుంచీ జరుగుతున్నదే. ఇప్పుడు చెయ్యి వణుకుతోంది. ప్రార్థన చేసుకుని లేస్తున్నాను, లేవగానే నీళ్లు కలుపుతున్నాను, మళ్లీ రేపు ఏ ముఖంతో తల వంచాలని మా ఇంట్లో కూర్చుని ఏడ్చింది. నేను నోరు మూసుకోవచ్చు కదా. పాలకు బాప్తిస్మం ఇస్తున్నావనుకో పొమ్మన్నాను. కమల నన్ను చూసిన చూపుకు ఇంట్లో ఉన్న పాలు విరిగిపోవాల్సింది.

అత్త చెంబు అందిస్తే వద్దనే ధైర్యం. ఆ పిల్లకు కావలసింది అదొక్కటే. కమల తనకు తోచిన మంచి మాట చెప్పింది. సంఘంలో పెద్దామె సుగుణక్క, ఆమెతో చెప్పుకుంటే నీ కోసం ప్రార్థిస్తుంది అంది.

సుగుణక్క ప్రార్థించింది. ఆ గురువారం మా సంఘంలోని సుశీలమ్మ ఇంట్లో, అందరి నడుమ.

"కృపగల తండ్రీ, హుస్సేనీ ఆలము నుండి వచ్చుచున్న నీ దాసురాలొకతె ప్రతి ఉదయము పాలలో నీళ్లు కలుపుచున్నది. అత్తకు భయపడి కలుపుచున్నది. ఆమె చేతులను శుద్ధి చేయుము. ఆ పాలు త్రాగుచున్న మమ్మును, మా బిడ్డలను కాపాడుము."

చాప మీద సగం మంది ఆమె దగ్గర పాలు కొనేవాళ్లే. ఆమేన్ ఎన్నడూ లేనంత గట్టిగా వచ్చింది. సుశీలమ్మ ఆమేన్ అన్న నోటితోనే, కళ్లు ఇంకా పూర్తిగా తెరవకుండానే, ఎప్పటి సంది కలుపుతున్నవని అడిగింది. రాజమణి కొంగు ముఖం మీదికి లాక్కుంది. ఆశీర్వాదం కాకముందే లేచి, చెప్పులైనా వేసుకోకుండా వెళ్లిపోయింది.

తెల్లారేసరికి రాజమణి పాల వాడికలు తెగిపోయాయి. సత్తెమ్మ గల్లీలో నిలబడి మా సంఘాన్ని మూడు తరాల దాకా తిట్టింది. సాయంత్రం మొగులయ్య మా ఇంటికి వచ్చాడు. కోపంగా వచ్చుంటే నవ్వించి పంపేవాణ్ని. నెమ్మదిగా వచ్చాడు.

"ప్రకాశమన్నా, మా ఆమె దేవునికి చెప్పుకున్న అంటున్నది. దేవునికి చెప్తె మొఘల్‌పురాకంత ఎట్ల ఎరుకైందే?"

ఇక నుంచి మా దిక్కు పంపనని చెప్పి, కమల ఇచ్చిన చాయ్ తాగకుండా వెళ్లిపోయాడు.

నేను తిన్నగా సుగుణక్క ఇంటికి పోయాను. వాకిట్లో బియ్యం ఏరుతోంది. ఒక్క రాయిని కూడా వదలని చెయ్యి ఆమెది. ఆ పిల్ల కొంప ముంచావు కదక్కా అన్నాను. ఆమె ముఖంలో నెయ్యి నాకిన పిల్లి తృప్తి తప్ప ఇంకేం కనిపించలేదు.

"నేనెవ్వరితోని చెప్పలే తమ్మీ. దేవునితోనే చెప్పిన. గది గూడ పాపమేనా?"

పైగా ఆ పిల్ల తిరిగి మందలోకి రావాలని వచ్చే గురువారం ఇంకా బాగా ప్రార్థిస్తానంది. సత్తెమ్మ పాలల్లో కలిపినవి బావి నీళ్లు. ఈమె ప్రార్థనలో కలిపినవి మోరీ మురుగునీళ్లు.

దారిలోనే నాకొక ఉపాయం తట్టింది. సుగుణక్క మొగుడు రఘునాథ్ కచేరీలో గుమాస్తా. ఆదివారం పూట రోగులను పరామర్శించి వస్తానని చెప్పి టాకీసులో కూర్చునేవాడు. నాకెట్లా తెలుసంటే, పక్క కుర్చీ నాది. గురువారం నేనే లేచి ప్రార్థిస్తాను, నీ దాసుడొకడు అని మొదలుపెడతాను. దుకాణంలో గిన్నెలు తుడుస్తూ మాటలన్నీ కూర్చుకున్నాను. గ్రాంథికం కూడా బాగానే కుదిరింది.

మొగులయ్య గడ్డికి పోయిన వేళ చూసి హుస్సేనీ ఆలం పోయాను. రాజమణి కొట్టంలో పేడ ఎత్తుతోంది. నా ఉపాయమంతా అభినయించి చూపించాను. నవ్వలేదు.

"వద్దు మామా. గా దినం సంది నాకు ప్రార్థన వస్తలేదు. తల వంచితె ఎవరో ఎనుక నిలబడి ఇంటున్నట్టే ఉంటది. నువ్వు గూడ గట్లనే జేస్తె, ఇంక ప్రార్థనంటెనే నాకు రోత పుడ్తది."

మరి నీళ్ల సంగతి ఏమైందని అడిగాను.

"కలుపుతున్న," అంది పేడ తట్ట ఎత్తుకుంటూ. "ఇప్పుడు చెయ్యి వణుకుతలేదు. గదే భయమైతున్నది."

కూర్చుకున్న గ్రాంథికమంతా ఆ పేడకుప్ప మీదే పారేసి ఇంటికొచ్చాను.

గురువారం వచ్చింది. సుగుణక్క మోకాళ్లూని, కృపగల తండ్రీ, మందను విడిచిపోయిన నీ దాసురాలు, అని ఎత్తుకుంది. మాలో ఒక అలవాటుంది. ఎవరైనా సాగదీసి గట్టిగా ఆమేన్ అన్నారంటే ప్రార్థన ముగిసినట్టే. అందరూ ఆమేన్ అనేసి పాట అందుకుంటారు. ఏళ్ల తరబడి పడిన అలవాటు, నోరు దానంతటదే తెరుచుకుంటుంది. దాసురాలు అన్న మాట దగ్గరే నేను రొమ్ము నిండా గాలి పీల్చి ఆమేన్ అన్నాను. చాప చాపంతా ఆమేన్ అంది. వెనక ఎవరో పాట ఎత్తారు. చరణాలన్నీ అయ్యేదాకా సుగుణక్క ఓపిక పట్టి మళ్లీ మొదలుపెట్టింది. దాసురాలి దాకా రాగానే నేను మళ్లీ ఆమేన్. ఇంకో పాట. మూడోసారి ఆమె నోరు తెరిచీ తెరవకముందే, నా కన్నా ముందు ఆమేన్ అన్నది రఘునాథ్.

సుగుణక్క కళ్లు తెరిచింది. మొగుణ్ని కాదు, నన్ను చూసింది.

"ఏంది ప్రకాశం గీ లొల్లి? దేవుని సన్నిధిల ఆటలా?"

"ఆట కాదక్కా. ఆ పిల్ల ముచ్చట ఇంక ఏమన్న మిగిలుంటె ఇంటికి పోయి తలుపేసుకొని చెప్పు. దేవునికి చెవుడు లేదు. మాకే చెవులు ఎక్కువున్నయి."

అందరూ నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. సుశీలమ్మ చాప పుల్లలు పీకుతూ కూర్చుంది. సుగుణక్క ఆ రోజు నుంచి నా కోసం ప్రార్థిస్తోందని తర్వాత తెలిసింది. ఏమని ప్రార్థిస్తోందో నేను అడగలేదు.

ఇంత చేసినా రాజమణికి ప్రార్థన తిరిగి రాలేదు. నా కోతి పని వల్ల వచ్చేదైతే ఎప్పుడో వచ్చేది. కమల మాత్రం పొద్దున్నే కొట్టానికి పోయి ఆమె పక్కన పీట వేసుకుని కూర్చునేది. ఒక్క మాట మాట్లాడేది కాదు. ప్రార్థన చేయమని గానీ, మళ్లీ సంఘానికి రమ్మని గానీ అనలేదు. ఆమె పిండుతుంటే ఈమె తల వంచుకుని ఉండేది. సత్తెమ్మ తిట్లు ఇద్దరి మీదా పడేవి.

ఒకరోజు దుకాణానికి ఆలస్యమవుతోందని కమలను పిలవడానికి పోయాను. రాజమణి బర్రె డొక్కకు నుదురు ఆనించి ఉంది. గుసగుస లేదు, పెదవి కదలడం లేదు. పిండడం ఎప్పుడో అయిపోయినా లేవలేదు. తర్వాత లేచింది. బిందెలో పాలు పోసింది. సత్తెమ్మ ఎప్పటిలా చెంబు అందించింది. రాజమణి చెంబు తీసుకుని నీళ్లను బర్రె ముందున్న కుడితి తొట్టిలో వంచేసింది.

"నేను కలుపనత్తా. నువ్వు కలిపితె నేను గల్లీలకు తీస్కపోను."

చెయ్యి వణుకుతోంది. దూరంగా ఉన్న నాకే కనిపించేంతగా వణుకుతోంది. సత్తెమ్మ కొడుకును పిలిచి, చేతకానివాడివని, పెళ్లాం ముందర పిల్లివని ఎన్ని అనాలో అన్నీ అంది. మొగులయ్య పెళ్లాన్ని చూశాడు, ఖాళీ చెంబును చూశాడు. తర్వాత నా వైపు తిరిగి, సంఘానికి మాత్రం పంపను, కొట్టంలో ఏం చేసుకుంటుందో నేను అడగను అన్నాడు.

రాజమణి బిందె నెత్తికెత్తుకుంటుంటే దగ్గరకు పోయి, ప్రార్థనకు నోరు మళ్లీ వచ్చిందా అని మెల్లగా అడిగాను.

"నోరెందుకు మామా," అంది.

గల్లీలో ఆమెను ఎవరూ నమ్మలేదు. నేను వెనకాలే నడిచాను, చూశాను. సుశీలమ్మ గిన్నెలో వేలు ముంచి, గోరు మీద బొట్టు నిలబెట్టి, వాసన చూసి, నీళ్ల పాలు మాకొద్దని తలుపు వేసుకుంది. ఆ చేత్తోనే ఆమె గురువారం దండం పెడుతుంది.

పాలు చాలా వరకు తిరిగి వచ్చాయి. సత్తెమ్మ వాటిని కాచి తోడు పెట్టింది, తిడుతూనే. మర్నాడు పొద్దున రాజమణి మళ్లీ బిందె నింపుకుని బయలుదేరింది.