రైల్వే వీధి గొట్టం

వెన్న రాసిన రొట్టె భర్త ముందుకు తోస్తూ రౌషాన్ పరీక్ష పుస్తకంలోంచి ఒక ప్రశ్న అడిగింది.

"ముప్పు కనిపిస్తే మొదట ఏం చెయ్యాలి?"

"రాసిపెట్టాలి. దానికో బాధ్యుణ్ణి పెట్టాలి," అన్నాడు దౌలెత్, పాల టీ ఊదుకుంటూ.

"బాగుచెయ్యక్కర్లేదా?"

"అది తర్వాతి పాఠం."

ఇద్దరూ నవ్వుకున్నారు. దౌలెత్‌ది భారీ శరీరం, కాస్త వంగిన నడుము. చలికాలంలో ఇళ్ళు వెచ్చగా ఉండేందుకు గొట్టాల్లో పట్టణానికి వేడినీళ్ళు పంపే కేంద్రంలోనే ఆ ఇంజినీరు జుట్టు నెరిసింది. ప్రాజెక్టు నిర్వహణలో సర్టిఫికెట్ లేదని మరమ్మతుల విభాగం పెత్తనం చిన్నవాడైన ఎర్కిన్‌కు పోయింది. నిరుడు ఆ సర్టిఫికెట్ పరీక్ష తప్పాడు దౌలెత్.

ఈసారి గట్టెక్కాడు. కంప్యూటరు తెర మీద 'పాస్' అన్న మాట చూసి, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాడు.

"ఊరికే అంటున్నావా?" అంది రౌషాన్ ఫోన్లో. "విందుకి గుర్రం మాంసం నానేస్తాను. తొందరగా రా."

ఆఫీసులో ఆ కబురు విని ఎర్కిన్ లేచి అతన్ని కౌగిలించుకున్నాడు. "ఇక రైల్వే వీధి గొట్టం మీ ప్రాజెక్టే, అగా," అన్నాడు, పెద్దన్నను పిలిచినట్టు.

"తుప్పుపట్టింది, ఎండాకాలంలోనే మార్చమన్నాను కదా."

"వసంతం దాకా ఎలాగోలా లాగించండి. ప్రాజెక్టు బాధ్యుడి కుర్చీ, మీరు కోరుకున్నదేగా?"

కాదనాలని నోటిదాకా వచ్చింది. కానీ అన్నేళ్ళూ ఆశపడ్డది ఆ కుర్చీకే. దౌలెత్ తలూపాడు.

ఆ రోజే, పొద్దు వాలకముందు గొట్టం పగిలింది. వీధి నిండా ఆవిరి. ఎముకలు కొరికే చలి. నీళ్ళు కట్టేసే కవాటం, అంటే వాల్వు, నేల కింది గదిలో ఉంది. ఆవిరికి ఉడికిపోతారని, పంపులు ఆపనిదే అందులోకి ఎవరూ దిగకూడదన్నది నియమం.

"ఆపితే ఊరంతా గడ్డకడుతుంది," అన్నాడు ఎర్కిన్ ఫోన్లో. "ఎవరినైనా దింపండి. మీ ప్రాజెక్టు, మీ ఇష్టం."

ముసలి ఫిట్టరు పెట్రోవిచ్ అప్పటికే చేతితొడుగులు వేసుకుంటున్నాడు.

"నీ మోకాళ్ళతో నిచ్చెన దిగేసరికి తెల్లారుతుంది. జరుగు," అన్నాడు దౌలెత్.

"ఇంజినీరువి. పైన నిలబడి అరవడం నీ పని."

"అరిచి అరిచి గొంతు పోయింది."

దిగాడు. చక్రం కిర్రుమంటూ తిరగడం పెట్రోవిచ్‌కు వినిపించింది. కాసేపటికి ఆవిరి బుసకొట్టడం ఆగింది. పైనుంచి ఎంత పిలిచినా బదులు రాలేదు.

ఆ రాత్రి పట్టణంలో ఇళ్ళన్నీ వెచ్చగానే ఉన్నాయి. "అంతా ఆయన చూసుకుంటున్న పనే," అన్నాడు ఎర్కిన్, దౌలెత్ ఎలా చనిపోయాడని అడిగినవాళ్ళతో.

గదిలోకి దిగే ఇరుకు రంధ్రంలోంచి దూరడానికి దౌలెత్ తీసిపెట్టిన గొర్రెతోలు టోపీ ఆవిరికి తడిసి, దాని ఇనుప అంచుకే అతుక్కుని గడ్డకట్టింది. పెట్రోవిచ్ రెండు చేతులా లాగినా ఊడి రాలేదు.