వదులుగా నింపిన మూల

మెహమూద్ మూడో దిండు కుట్లు విప్పుతున్నాడు. తలకింద పెట్టుకునే దిండు కాదు, గది మూలలో నేల నుంచి పైకప్పు దాకా నిలబడే ఆసామి. పైన గళ్ల గుడ్డ, లోపల దూది. పాలమూరులో లెక్చరర్‌గా రిటైరైన రఘుపతి పాటలు వినడానికే ఒక గది కట్టించుకున్నాడు. తీరా అందులో తబలా రికార్డు పెడితే ఎడమచేతి బరువు దెబ్బలన్నీ మూలల్లో పోగై, ఒకదాన్నొకటి తొక్కుకుని, గదంతా ఒకటే మోత. ఆ మోతను మింగడానికని నాలుగు మూలలకూ మెహమూద్‌తో ఈ దిండ్లు కుట్టించాడు.

అవి మింగలేదు. నిన్న సాయంత్రం రఘుపతి దిండును అరచేత్తో తట్టి, "దూది జర తక్కువ పడ్డదా మెహమూద్ భాయ్?" అన్నాడు. మామూలుగానే అన్నాడు. కానీ మెహమూద్‌కు ఇంటికి పోయాక ముద్ద దిగలేదు.

పరుపులు కుట్టేవాణ్ణి అనకూడని మాట అదొక్కటే. ఇంటివాళ్ల దూదిని ఇంటివాళ్ల వాకిట్లోనే ఏకి, గట్టిగా కూరి, చివరికి వాళ్లచేతే గుద్దించి చూపించాలి. బొటనవేలు దిగబడితే దూది దొంగ కింద లెక్క. పిండి కొద్దీ రొట్టె అని తండ్రి నేర్పిన చదువు అంతే. మీసాలు రాకముందు నుంచీ అదే పని. ఫోమ్ పరుపులొచ్చి పిలిచే ఇళ్లు తగ్గాయి. దూది నుసి ఛాతీలో చేరి నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఇన్నేళ్లలో ఆ మాట మాత్రం పడలేదు.

పొద్దున కూతురు బుష్రా గుమ్మానికి అడ్డం నిలబడింది. "ఇయ్యాల పోకు అబ్బా. ఊపిరాడ్తలేదు నీకు."

"పోకపోతే నిజమే అనుకుంటడు బిడ్డా," అని చెప్పులేసుకున్నాడు.

వచ్చీరాగానే రఘుపతి కళ్లముందే మొదటి దిండు కోశాడు. దూది ఇటుకలా బిగుసుకుని ఉంది. వేలు దూరలేదు. రఘుపతి బిత్తరపోయి, స్పీకరు పెట్టెలమ్మిన హైదరాబాదు దుకాణం సతీశ్‌కు ఫోను చేసి సంగతి చెప్పాడు. అతను నవ్వాడు. "గింత గట్టిగ కూరితే దిండుకూ గోడకూ ఫరక్ ఏముంటది సార్? బరువు శబ్దం లోపలికి పోవాలె. వదులు చెయ్యిండ్రి."

రఘుపతి మొహం చిన్నబోయింది. "నిన్న నేను గట్ల అనకుండ ఉండాల్సింది భాయ్. నువ్వు ఎక్కువే పెట్టినవ్."

మెహమూద్‌కు ఏడుపొచ్చినంత పనైంది. మీద పడ్డ మాట తొలగిపోయింది, ఇక లేచి ఇంటికి పోవచ్చు. కానీ పని సగంలో వదిలేసే అలవాటు లేదు. రోజంతా గడ్డకట్టిన దూదిని చేత్తోనే విప్పాడు. నుసి లేచింది. రఘుపతి భార్య కౌసల్య కిటికీలు తెరిచి, చాయ్ ఇచ్చి, "జర ఆగి చెయ్యరాదె భాయ్," అంది. ఆగితే మళ్లీ లేవలేనని అతనికి తెలుసు. విప్పిన దూదిని గుడ్డలో వేస్తుంటే చెయ్యి తనంతట తానే కూరేస్తోంది. మళ్లీ బయటికి తీయడం, మళ్లీ వేయడం.

"చెయ్యి ఇంటలేదు సార్," అని దగ్గుతూనే నవ్వాడు.

నాలుగో దిండు నిలబెట్టాక రఘుపతి తబలా పెట్టాడు. ఎడమచేతి దెబ్బ పడింది, ఆగింది. తర్వాతి దెబ్బ దాని చోట అది పడింది. మెహమూద్ గోడకు ఆనుకుని కూర్చుని చివరిదాకా విన్నాడు. తాను కుట్టిన పరుపు మీద ఏ ఇంట్లోనూ ఒరిగి చూసినవాడు కాదు. ఇన్నాళ్లకు తన పని తనకే సుఖమిచ్చింది.

"బొటనేలు పెడితే మునుగుతాంది. మోసం లెక్క ఉన్నది సార్," అన్నాడు లేస్తూ.

"మోసమైతే గింత మంచిగ ఇనపడ్తదా?"

వదులు చేయగా ఒక గోనెసంచికి సరిపడా దూది మిగిలింది. తీసుకుపోయి ఇంట్లో తలకింద మెత్తలు కుట్టుకొమ్మన్నాడు రఘుపతి.

"వద్దు సార్. దూదేకెటోడు సంచి పట్కొని బయటికి పోతే గల్లీ అంత చూస్తది." సంచి మూతి కట్టి గుమ్మం పక్కన పెట్టి, ఆటో ఎక్కాడు.

మర్నాడు పొద్దున బుష్రా ఫోను చేసింది. ఆయాసం ఎక్కువై, దవాఖానకు తీసుకుపోయేలోపే పోయాడట. రఘుపతి అంతిమయాత్ర వెంట ఖబరస్తాన్ దాకా నడిచాడు. ఆ ఒక్క మాట అనకపోతే మనిషి ఇంట్లోనే పడుకుని ఉండేవాడు కదా అని దారంతా అనుకున్నాడు. ఇంటికొచ్చి గదిలో కూర్చున్నాడు గానీ ఏ పాటా పెట్టలేకపోయాడు.

గుమ్మం పక్కన గోనెసంచి అలాగే ఉంది. కూరకుండా వేసిన దూది మెల్లగా పొంగి, కట్టిన మూతి దగ్గర తెల్లగా కనిపిస్తోంది.