ఏటి చుట్టాలు

న్వే పుట్టింది నీటి చుక్కకు మొహం వాచిన మెట్ట ఊళ్ళో. ఐరావతి నది ఒడ్డుకు కాపురానికొచ్చిన కొత్తలో ఏటివంక చూస్తే ఆమెకు కళ్ళు తిరిగేవి. మామ థా జాన్ మాత్రం ఏట్లోని డాల్ఫిన్లను చుట్టాల్లా పలకరించేవాడు. పడవ అంచుమీద కర్రముక్కతో టకటకా కొట్టి, గొంతులో ఏదో కూత కూసేవాడు. అవి చేపల మందను పడవకేసి తోలుకొచ్చి తోక ఊపేవి. అప్పుడు వల విసిరేవాడు. వలకు చిక్కక చెదిరిన చేపలు వాటి వాటా.

"తోక ఊపకముందే విసిరితేనో?" అని అడిగిందొకసారి న్వే.

"పిలవని పేరంటమవుతుందే పిల్లా," అన్నాడాయన.

వానలు వెనకబట్టేసరికి థా జాన్‌కు కుడిచెయ్యి పడిపోయింది. మొగుడేమో ఉత్తరాన పచ్చరాయి గనుల్లో ఉన్నాడు. న్వే పడవెక్కక తప్పలేదు.

తెల్లవారుజామున మంచులో ఏరేదో, ఆకాశమేదో తెలిసేది కాదు. ఆమె ఎంత కొట్టినా ఏదీ వచ్చేది కాదు. "మామయ్యకు బాగాలేదు. నేను ఆయన కోడల్ని," అని నీళ్ళతో చెప్పుకుంది సిగ్గుపడుతూ. కొన్నాళ్ళకు, రెక్క చిరిగిన ముసలి డాల్ఫిన్ ఒకటి మంచులోంచి తేలింది. పక్కనే నీడలా దాని పిల్ల. ముసలిది తోక ఊపింది. న్వే విసిరిన వల ఉండచుట్టుకుని పడింది.

"ఏటి చుట్టాలకు పెళ్ళిభోజనం పెట్టావు కదా వదినా!" పక్క పడవలోంచి, వరసకు మరిదయ్యే కో ప్యూ పకపకా నవ్వాడు.

మెల్లగా ఆమెకు వల విసరడంలో చెయ్యి తిరిగింది. నిద్రలో కూడా ఆ పిల్ల ఊపిరి 'ఫూ' అని వినిపించేది. అది ఏటిదో తనదో తెలిసేది కాదు.

ఒక పొద్దున ఆమె టకటకా కొడుతుండగా, దిగువ నుంచి ఇంజను పడవ ఒకటొచ్చింది. అందులో ఇద్దరు మగవాళ్ళు, బ్యాటరీలు, వెదురుగడలకు చుట్టిన తీగలు.

"అక్కా, నువ్వు పిలిస్తే డాల్ఫిన్లు వస్తాయటగా! చేపల్ని దగ్గరికి తోలనీ, నీళ్ళలో కరెంటు పెట్టేస్తాం. సగం నీకే."

"పిల్లది కూడా ఉంది."

"ఉంటే ఉండనీ, మనకెందుకు!"

అప్పటికే రెక్క చిరిగినది పిల్లతో వచ్చేస్తోంది. న్వే తెడ్డెత్తి వాటి ముందే నీళ్ళమీద ఫెడీఫెడీమని బాదింది. నీళ్ళు తోడే డబ్బా తీసి మోగించింది. గొంతు చించుకుని అరిచింది. అవి గిరుక్కున తిరిగి మునిగిపోయాయి.

"పిచ్చిదానా! నోటికాడి కూడు చెడగొట్టావు!" అని తిట్టుకుంటూ వాళ్ళు వెళ్ళిపోయారు.

ఇంటికొచ్చి మామ ముందు కూలబడింది. "ఇక రావు మామయ్యా. నా చప్పుడంటేనే హడలిపోతాయి."

ఆయన ఎడమచేత్తో అన్నం గిన్నె ఆమెవైపు జరిపాడు. "రాకపోతే మానె. ఎక్కడో ఒకచోట బతికుంటే చాలదూ? తిను."

నిజంగానే రాలేదు. దొరికిన నాలుగు చేపపరకలతో, రొయ్యపొడి కారంతో రోజులు నెట్టుకొచ్చారు.

ఎండలు ముదిరాక, ఒక ఉదయం కో ప్యూ తన పడవలో లేచి నిలబడ్డాడు. "వదినా! వచ్చాయి! పిల్లది ఎంతైందో చూడు! నువ్వూ కొట్టు!"

"వద్దులే. నువ్వే విసురు మరిదీ," అంది న్వే, తెడ్డు పైకి తీసి.

పడవను ఏటివాలుకు వదిలేసింది. కాస్త దూరంలో ఆ పిల్ల తేలి, 'ఫూ' అని ఊపిరి వదిలింది. ఎండలో ఆ తుంపర రంగులు దేరి కరిగిపోయింది. న్వేకు పెద్దగా నవ్వాలనిపించింది. చప్పుడవుతుందని చేత్తో నోరు మూసుకుంది.